తోబుట్టువుల మధ్య గీసిన గీత: బస్తర్‌లో ముగియని లెక్క

2019 జులై చివర సుక్మా జిల్లా దక్షిణపు అడవుల్లో పోలీసులకూ మావోయిస్టు దళానికీ మధ్య కాల్పులు జరిగాయి. పోలీసుల వెంట నడుస్తున్నవారిలో ఒకరు అంతకు ముందు ఏడాది దాకా మావోయిస్టే. లొంగిపోయి ఖాకీ దుస్తులు వేసుకున్నాడు. ఎదురుగా ఉన్న దళంలో ఆయన సోదరి ఉంది. ఇద్దరూ ఒకే ఇంట పుట్టి, ఒకే ఉద్యమంలోకి వెళ్లినవారు. ఆయుధం వదిలి రమ్మని ఆయన ఆమెకు ఉత్తరాలు రాశాడని ఆనాటి పత్రికలు తెలిపాయి. ఆ రోజు ఉత్తరాల స్థానంలో తూటాలు నడిచాయి. ఆమె అడవిలోకి తప్పించుకుంది. ఆయన శిబిరానికి తిరిగి వెళ్లాడు. వార్త నాలుగు రోజులు నడిచి ఆగిపోయింది.

మరుసటి ఏడాది రాఖీ పండుగ వేళ పొరుగున ఉన్న దంతెవాడ నుంచి ఇంకో వార్త వచ్చింది. తలపై ఎనిమిది లక్షల రూపాయల రివార్డు ఉన్న ఒక మావోయిస్టు తన సోదరిని చూడటానికి ఇంటికి వచ్చాడు. ఆమె అతన్ని మళ్లీ అడవికి పోనివ్వలేదు, పోలీసుల ముందు లొంగిపోయేలా ఒప్పించింది. రాఖీ కడుతున్న ఫొటో దేశమంతా తిరిగింది. మొదటి వార్తను విషాదంగానూ, రెండవదాన్ని సుఖాంతంగానూ చదువుకోవడం సులభమే. కానీ ఒక తల్లి బిడ్డలు రెండు తుపాకుల వెనుకకు ఎలా చేరారన్న ప్రశ్నను ఆ రెండు వార్తలూ అడగలేదు. అది విధి వల్ల జరిగింది కాదు. ఇంటి లోపలి తగాదా వల్ల జరిగింది అంతకంటే కాదు. దాని వెనుక తేదీలున్నాయి, ఉత్తర్వులున్నాయి, జీతాల పట్టీలున్నాయి, తీర్మానాలున్నాయి.

ఒక రాష్ట్రం, రెండు రైలు మార్గాలు

ఛత్తీస్‌గఢ్ పటం చూస్తే సగం సంగతి బోధపడుతుంది. ఉత్తరాన హౌరా–ముంబై ప్రధాన మార్గంపై బిలాస్‌పూర్‌కు దగ్గరలోనే బిల్హా ఉంది. వరి పొలాలు, బియ్యం మిల్లులు, ఆగే రైళ్లు, ఆగకుండా పోయే రైళ్లు. రైల్వే కొలువుల కోసం వెళ్లి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు. బిల్హాకు సమీపంలోని బోద్రీలోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉంది. రాష్ట్రపు దక్షిణపు కొస కోంటా. అక్కడి మనిషి ఈ హైకోర్టు మెట్లెక్కాలంటే అయిదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. భద్రాచలం మాత్రం అతనికి పక్క ఊరి లెక్క.

బస్తర్‌కు పెద్ద రైలు మార్గం రాజధాని వైపు నుంచి రాలేదు, తెలుగు నేల నుంచి వెళ్లింది. 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికే. ఖనిజం అలా దిగివచ్చిన రెండు దశాబ్దాలలోపే తెలుగు నేల నుంచి మరో ప్రయాణం ఎదురు దిశలో సాగింది. 1980లో పీపుల్స్‌వార్ ఏర్పడిన ఏడాదే దాని దళాలు గోదావరి దాటాయి. బీడీ ఆకు కూలి రేట్లు, అటవీ సిబ్బంది జులుం, పోడు భూములు వారి మొదటి ప్రచారాంశాలు. పట్వారీ, ఫారెస్టు గార్డు తప్ప ప్రభుత్వం మరో రూపంలో కనిపించని పల్లెల్లో ఆ మాటలకు విలువ దక్కింది. ఊరూరా సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘాలే క్రమంగా పంచాయితీలు తీర్చాయి, పన్ను వేశాయి, శిక్షలు కూడా విధించాయి. పిల్లలు బాలల సంఘాల్లోకి, అక్కడి నుంచి దళాల్లోకి వెళ్లారు. కొందరు ఇష్టపడి వెళ్లారు. కొందరిని ఊరి వంతుగా పంపక తప్పలేదు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణం పోయేది. ఆ కాలంలోనే చాలా ఇళ్లలో ఒక బిడ్డ అడవిలో, తక్కిన బిడ్డలు పొలంలో ఉండే పరిస్థితి వచ్చింది. అయినా అది ఇంకా ఎడబాటే, పగ కాలేదు.

2005 జూన్: గీత పడిన రోజు

ఎడబాటును పగగా మార్చింది సల్వాజుడుం. 2005 జూన్‌లో, నాటి దంతెవాడ జిల్లాలోని కుట్రు ప్రాంతంలో అది మొదలైంది. దాన్ని ముందుండి నడిపింది కాంగ్రెస్ నేత, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు మహేంద్ర కర్మ. దానికి అండగా నిలిచింది రమణ్‌సింగ్ నాయకత్వంలోని బీజేపీ ప్రభుత్వం. కేంద్రంలో అప్పుడు యూపీఏ ఉంది. మిగతా అన్ని విషయాల్లో కలహించే రెండు జాతీయ పార్టీలు ఈ ఒక్కదానిలో ఏకమయ్యాయని గుర్తుంచుకోవాలి. తర్వాత ఎవరి వేలు ఎవరి వైపు చూపినా ఈ వాస్తవం మారదు.

జుడుం పద్ధతి సరళమైనది. ఊరు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరానికి రావాలి. రానివారు మావోయిస్టుల మనుషులుగా లెక్క. శిబిరానికి వెళ్లినవారు మావోయిస్టుల దృష్టిలో ద్రోహులు. మధ్యలో నిలబడటానికి జానెడు చోటు కూడా మిగల్లేదు. ఆరు వందలకు పైగా గ్రామాలు చెదిరాయి. దాదాపు యాభై వేల మంది శిబిరాలకు చేరారు. ఇంకెన్నో వేల మంది అడవి లోపలికి వెళ్లారు, లేదా సరిహద్దు దాటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, గోదావరి జిల్లాలకు వచ్చారు.

కుటుంబాలు చీలింది ఈ మూడు దారుల దగ్గరే. జుడుం ఊరేగింపు వచ్చిన వేళ ఒకడు సంతకు పోయి రోడ్డు మీద దొరికాడు, శిబిరం మనిషయ్యాడు. చెల్లెలు పశువుల వెంట అడవిలో ఉంది, అడవి మనిషయింది. ముసలి తల్లిదండ్రులు భద్రాచలం దారి పట్టారు. చాలా ఇళ్లలో జరిగింది ఇలాంటిదే. సిద్ధాంత చర్చ చేసి తేల్చుకున్న విభజన కాదిది. ఆ పూట ఎవరు ఎక్కడున్నారన్నదే వారి రాజకీయమైంది.

శిబిరంలోని యువకులకు ప్రభుత్వం ఇచ్చిన ఉపాధి తుపాకి. ప్రత్యేక పోలీసు అధికారులు, అంటే ఎస్పీవోలు. కొద్దిపాటి చదువు, రెండు నెలల శిక్షణ, మొదట పదిహేను వందలు, తర్వాత మూడు వేల రూపాయల గౌరవ భృతి. ఊరి దారులు తెలుసు, గోండి వచ్చు, ఎవరి ఇంట్లోంచి ఎవరు అడవికి వెళ్లారో తెలుసు. వారిని నియమించడానికి ఈ తెలివిడే కారణం. వారి ఇళ్లు శత్రువుల ఇళ్లు కావడానికీ అదే కారణమైంది. తన ఊరి జాడ చెప్పమని అడిగితే మనిషి చెప్పేది తన వారి జాడే.

ప్రతీకారం వెంటనే వచ్చింది. 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై మావోయిస్టులు దాడి చేసి ముప్పై మందికి పైగా ఆదివాసులను చంపారు. వారిలో పిల్లలున్నారు. 2009 జనవరిలో సింగారంలో పంతొమ్మిది మంది ఆదివాసులు పోలీసు కాల్పుల్లో మరణించారు. అది ఎదురుకాల్పులు కాదని గ్రామస్థులు ఆరోపించారు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2012 జూన్‌లో సర్కేగూడలో పదిహేడు మంది చనిపోయారు. వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని ఏడేళ్ల తర్వాత న్యాయ విచారణ కమిషన్ తేల్చింది. 2013 మే 25న ఝీరం లోయలో మహేంద్ర కర్మను మావోయిస్టులు హతమార్చారు. ప్రతి సంఘటనా తర్వాతి దానికి కారణంగా చెప్పబడింది. ప్రతి మృతుని ఇంటి నుంచీ ఇంకొకరు తుపాకి పట్టారు, ఏదో ఒక వైపు.

న్యాయస్థానం చూసినది

ఈ యంత్రాంగాన్ని విప్పి చూపినది 2011 జులై 5 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నందినీ సుందర్, రామచంద్ర గుహ, మన తెలుగువారికి సుపరిచితులైన విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో వేసిన పిటిషన్‌పై జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆ తీర్పు ఇచ్చింది. ఎస్పీవోలను మావోయిస్టు వ్యతిరేక చర్యల్లో వాడరాదనీ, ఇచ్చిన ఆయుధాలు వెనక్కు తీసుకోవాలనీ, కేంద్రం ఇందుకు నిధులు ఇవ్వరాదనీ ఆదేశించింది. సమానత్వ హక్కుకూ, జీవించే హక్కుకూ ఇది భంగమని చెప్పింది.

నక్సల్ హింసకు గురైన కుటుంబాల యువకులు తమంత తాముగా ముందుకు వస్తున్నారన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదన. న్యాయస్థానం దాన్ని తిప్పి చదివింది. కోపంతో, దుఃఖంతో రగిలే చదువులేని యువకుడి చేతికి స్వల్ప భృతితో తుపాకి ఇవ్వడం అతన్ని గౌరవించడం కాదు, అతని గాయాన్ని వాడుకోవడం. ఆ తీర్పు సారం ఇదే. రేపు యుద్ధం ఆగాక ఆ యువకుడు ఏ ఊరికి తిరిగి వెళ్లాలి? ఎవరి పక్క కూర్చుని అన్నం తినాలి?

తీర్పు వచ్చిన కొన్ని నెలల్లోనే రాష్ట్రం సహాయక సాయుధ పోలీసు బలగం పేరుతో చట్టం చేసి ఆ ఎస్పీవోలను అందులోకి తీసుకుంది. తర్వాత డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ విస్తరించింది. స్థానిక ఆదివాసీ యువకులు, లొంగిపోయిన మాజీ మావోయిస్టులు ఇందులో ప్రధాన బలం. భృతి జీతమైంది, శిక్షణ మెరుగైంది, హోదా పెరిగింది. నమూనా మాత్రం పాతదే. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వారి డ్రైవరు మరణించారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులేనని పోలీసులే వెల్లడించారు. ఆ మందుపాతర పెట్టిన చేతులు ఒకనాడు వారి పక్కన నడిచినవి కావని ఎవరు చెప్పగలరు?

పద్నాలుగేళ్ల తర్వాత ఆ తీర్పు మళ్లీ రాజకీయ రంగంలోకి వచ్చింది. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో జస్టిస్ సుదర్శన్‌రెడ్డి ప్రతిపక్షాల అభ్యర్థి. ఆ తీర్పు రాకపోయి ఉంటే నక్సలిజం 2020కి ముందే అంతమయ్యేదని ఆగస్టులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా విమర్శించారు. అది తన సొంత తీర్పు కాదని, సుప్రీంకోర్టు తీర్పని సుదర్శన్‌రెడ్డి బదులిచ్చారు. విశ్రాంత న్యాయమూర్తులు కొందరు హోంమంత్రి మాటను తప్పుబట్టారు. సెప్టెంబరు 9న ఫలితం 452–300. అంతటితో చర్చ ముగిసింది. ఆ కొన్ని వారాల చర్చలో జుడుం ఎన్ని ఊళ్లను ఖాళీ చేసింది, ఎన్ని ఇళ్లను చీల్చింది అన్నవి పెద్దగా వినిపించనే లేదు. అదే ఏడాది మే నెలలో జుడుం కేసులను ముగిస్తూ, చట్టం చేయడం కోర్టు ధిక్కారం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. హింసకు గురైన ప్రజలకు శాంతిని, పునరావాసాన్ని అందించడం కేంద్ర, రాష్ట్రాల బాధ్యత అని కూడా చెప్పింది. మొదటి వాక్యాన్ని ప్రభుత్వాలు గుర్తుంచుకున్నాయి.

పెద్దపల్లి ఇల్లు

ఈ చరిత్రలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. వాటి కథ వేరు. పెద్దపల్లికి చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు మల్లోజుల వెంకటయ్య కుమారుల్లో ఇద్దరు ఉద్యమంలోకి వెళ్లారు. 1978 జగిత్యాల జైత్రయాత్ర కాలపు రైతు కూలీ పోరాటాల్లోంచి ఎదిగిన కోటేశ్వరరావు కిషన్‌జీగా దేశానికి తెలిశాడు. 2011 నవంబరు 24న పశ్చిమ బెంగాల్ అడవుల్లో మరణించాడు. తమ్ముడు వేణుగోపాల్ అన్న దారినే నడిచి పొలిట్‌బ్యూరో దాకా వెళ్లాడు. ఇద్దరు బిడ్డల కోసం దశాబ్దాలు ఎదురుచూసిన తల్లి మధురమ్మ 2022లో కన్నుమూసింది. 2025 అక్టోబరులో వేణుగోపాల్ అరవై మందితో కలిసి గడ్చిరోలిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎదుట ఆయుధం అప్పగించాడు. పార్టీ అతన్ని ద్రోహి అన్నది. అన్న అమరుడు, తమ్ముడు ద్రోహి. ఒకే ఇంటికి ఒకే పార్టీ ఇచ్చిన రెండు బిరుదులివి.

అయినా మల్లోజుల సోదరులు చదువుకున్నవారు. తెలిసి ఎంచుకున్నారు, తెలిసి మూల్యం చెల్లించారు. వారి పేర్లు చరిత్రలో ఉంటాయి. వారిపై తీర్పులు రాసేవారు, వాటిని కాదనేవారు ఎప్పుడూ ఉంటారు. సుక్మా అడవిలో ఎదురుపడ్డ ఆ ఇద్దరికి అలాంటి ఎంపిక దక్కలేదు. నాయకత్వం తెలుగునాట నుంచి వెళ్లింది, విధానం రాయ్‌పూర్, ఢిల్లీల నుంచి వచ్చింది. చనిపోయినవారిలో అత్యధికులు మాత్రం రెండు వైపులా గోండి మాట్లాడేవారే. ఈ ఒక్క వాక్యం రెండు పక్షాల చరిత్రకారులకూ ఇబ్బందికరమైనది. అందుకే అది రెండు పక్షాల పుస్తకాల్లోనూ అంచులకే పరిమితమైంది.

సరిహద్దు దాటి వచ్చినవారికి మనవైపు దక్కిన ఆదరణ కూడా గొప్పగా లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అడవి అంచుల్లో గుత్తికోయల పేరుతో బతుకుతున్న ఈ కుటుంబాలకు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న షెడ్యూల్డు తెగ హోదా ఇక్కడ లేదు. కొట్టుకున్న పోడుకు పట్టా లేదు. అటవీశాఖ దృష్టిలో ఆక్రమణదారులు, అక్కడి పోలీసుల దృష్టిలో అనుమానితులు. ఇరవై ఏళ్ల కిందట పారిపోయి వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు ఇక్కడే పుట్టి, తెలుగు బడిలో చదివి, ఏ రాష్ట్రానికీ పూర్తిగా చెందకుండా ఉన్నారు. శిబిరంలో మిగిలిన అన్న, అడవిలో మిగిలిన చెల్లెలు, చెర్ల మండలంలో మిర్చి కోతకు వెళ్లే మరో తమ్ముడు. ఆ గీత మూడు ముక్కలుగా కోసిన ఇళ్లు ఇలా ఉంటాయి.

గడువు తర్వాత

2026 మార్చి 31 నాటికి నక్సలిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. 2025 మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ జిల్లాలో మరణించాడు. అక్టోబరులో జగదల్‌పూర్‌లో ఒక్కరోజే రెండు వందల మందికి పైగా లొంగిపోయారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మాడ్వి హిడ్మా చనిపోయాడు. దానికి కొద్దిరోజుల ముందే ఛత్తీస్‌గఢ్ ఉపముఖ్యమంత్రి పువర్తి గ్రామానికి వెళ్లి హిడ్మా తల్లిని కలిశారు. ఇంటికి రమ్మని ఆమె కొడుకును వేడుకుంది. కొడుకు శవమై వచ్చాడు.

సాయుధ పోరాటం ఓడిందని చెప్పడానికి ఇక సందేహించనక్కరలేదు. మనుషుల్ని ఇన్‌ఫార్మర్ల పేరిట చంపి, పిల్లల్ని దళాల్లోకి తీసుకుని, చివరికి కాపాడతామన్న ప్రజలనే కాపాడలేకపోయిన ఉద్యమానికి చరిత్ర ముందు జవాబుదారీతనం ఉంది. కానీ తుపాకులు ఆగడం, శాంతి నెలకొనడం ఒకటే కాదు. లొంగుబాటు విధానంలో రివార్డు సొమ్ము ఉంది, ఇల్లు ఉంది, నైపుణ్య శిక్షణ ఉంది. దంతెవాడ పోలీసులు 2020లో మొదలుపెట్టిన కార్యక్రమం పేరే లోన్ వర్రాటు. గోండిలో ఇంటికి తిరిగి రండి అని అర్థం. తిరిగి వచ్చిన మనిషికి చాలాసార్లు ఇచ్చేది మరో తుపాకి. ఇంటికి రమ్మని పిలిచి, ఆ ఇంటినే గాలించడానికి పంపడం ఏ రకమైన తిరిగిరావడం?

అన్నదమ్ముల యుద్ధాలు తెలుగువారికి తెలియనివి కావు. పన్నెండవ శతాబ్దంలో నలగామరాజు, మలిదేవరాజు సవతి సోదరులై కారంపూడి దగ్గర పల్నాటిని రక్తసిక్తం చేశారు. దాయాదుల పోరుకు మూలం ఎప్పుడూ పంపకమే: రాజ్యమో, పొలమో, గట్టో. బస్తర్ తోబుట్టువుల మధ్య పంచుకోవడానికి ఏమీ లేదు. వారి పోరు వారిది కాదు. పంపకం కోసం పోరాడిన శక్తులు వేరే ఉన్నాయి, వాటి కన్ను కొండలోని ఇనుముపై, అధికారంపై. పల్నాటి పోరు తర్వాత కనీసం మృతులను తలచుకునే ఆచారం మిగిలింది. కారంపూడిలో వీరుల గుడి ముందు ఏటా వీరారాధన జరుగుతుంది.

బస్తర్‌లో జవాన్లకు అమరవీరుల స్తూపాలున్నాయి. మావోయిస్టులు తమ మృతులకు కట్టుకున్న ఎర్ర స్తూపాలను భద్రతా దళాలు కూల్చివేస్తున్నాయి. ఎర్రబోరులో, సింగారంలో, సర్కేగూడలో ఏ పక్షానికీ చెందకుండా పోయినవారికి ఏ స్తూపమూ లేదు. రెండు వైపులా చనిపోయిన వారందరి పేర్లతో ఒక్క జాబితా ప్రభుత్వం వద్ద ఉండాలి. ఖాళీ అయిన ఊళ్లకు తిరిగి వెళ్లాలనుకునే వారికి భూమి హక్కు, భద్రత కావాలి. ఇక్కడే ఉండదలచిన వారికి హోదా, పట్టా కావాలి. లొంగిపోయిన వాడికి తుపాకి లేని కొలువు కావాలి. ఏ ఊళ్లో ఎవరు ఎవరిని చంపారో భయం లేకుండా చెప్పుకునే వేదిక కావాలి. ఇందులో దేనికీ గడువు ప్రకటించినవారు లేరు.

సుక్మా అడవిలో తప్పించుకున్న ఆ సోదరి, కాల్పుల తర్వాత శిబిరానికి తిరిగి వెళ్లిన ఆ సోదరుడు ఎప్పటికైనా ఒక ముంగిట కూర్చోగలిగితే, అప్పుడు యుద్ధం ముగిసినట్టు. అంతవరకు ముగిసేది లెక్కలే.